మిత్రుణ్ణి వాటాకు పిలిచే ముందు

నాయనా, వెబ్‌సైటు కట్టే విద్య నీకు వచ్చు. మంగళగిరి మగ్గాల నడుమ పెరిగిన నీ మిత్రునికి అది రాదు. ఇద్దరూ కలిసి ఆన్‌లైన్‌లో చీరల వ్యాపారం పెట్టాలని సంకల్పించారు. సంతోషం. కాని అడుగు వేసే ముందు ఈ మాటలు విను.

"నాకవన్నీ ఏం తెలుసురా, నువ్వెలా అంటే అలా" అంటాడు అతడు. దానిని అంగీకారమని ఎంచకు. నిన్ను నమ్మి అన్నాడే గాని, విషయం ఎరిగి అనలేదు. 1932 నాటి భాగస్వామ్య చట్టం దృష్టిలో భాగస్వాములు కావడానికి కాగితమే అక్కరలేదు, నోటిమాట చాలు. వాటాలు నిర్ణయించుకోకుంటే లాభమూ నష్టమూ చెరిసగం. సంస్థ బాకీలకైతే భాగస్వాములలో ఏ ఒక్కరినైనా మొత్తానికీ నిలదీయవచ్చు. అర్ధరాత్రి నీవొక్కడవే కూర్చుని సంస్థ పేరిట ప్రకటనలకు చేసిన అప్పు రేపు అతని గడప తొక్కగలదు. పాస్‌వర్డ్ అంటే ఏమిటో ఎరుగనంత మాత్రాన చట్టం అతణ్ణి విడిచిపెట్టదు. ఈ భారానికి హద్దు గీసే పరిమిత బాధ్యత భాగస్వామ్య (ఎల్‌ఎల్‌పీ) చట్టం 2009లో అమలులోకి వచ్చింది. అటువంటి దారి ఒకటి ఉన్నదని చెప్పవలసిన ధర్మం తెలిసిన నీదే.

అతని పనిని తక్కువగా తూచకు. అంచు తిరగేసి చూసి, ఇది చేమగ్గానిదో మరమగ్గపు నకలో చెప్పగలవాడు అతడు. ఫోనులో చూసిన రంగు ఇది కాదని మండిపడే ఇల్లాలికి నచ్చజెప్పగలవాడూ అతడే. ఇ-కామర్స్ వినియోగదారుల నియమాలు 2020లో వచ్చాయి: ఫిర్యాదు ముట్టినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా తీర్చాలి. ఆ ఓర్పు నీకున్నదా? కోడ్ రాసేవారికి అది అరుదు.

డొమైన్ నీ పేరిట, ఓటీపీ నీ ఫోనుకు, అమ్మకాల లెక్క నీ కంప్యూటర్‌లో. ఇన్నీ గుప్పిట పెట్టుకొని "మనమిద్దరం సమానులం" అనడం వంచన. భాగస్వాములు పరస్పరం నమ్మకంగా ఉండాలనీ, నిజమైన లెక్కలు, పూర్తి సమాచారం ఇచ్చుకోవాలనీ ఆ 1932 భాగస్వామ్య చట్టమే శాసించింది. అతడు అడగలేదు కదా అని ఊరకుండకు. ఏమి అడగాలో అతనికి తెలియదు.

స్నేహితుల నడుమ పత్రమేమిటని మనవారు నొచ్చుకుంటారు. తోడబుట్టినవారు పొలం పంచుకున్నప్పుడు గట్టు వేసుకోరా?

కనుక మొదటి చీర అమ్మకముందే ఒప్పందం తెలుగులో రాయించు. పెట్టుబడి ఎవరిది, జీతం ఎవరికి, అప్పు ఎవరిని అడిగి చేయాలి, విడిపోతే వెబ్‌సైటు ఎవరిది, అన్నీ అందులో ఉండాలి. అతని ఇంటివారు కూడా వినేట్టు చదివి వినిపించు. విన్నాక వెనుకాడితే బలవంతపెట్టకు. సరుకు ఇచ్చేవానిగానే ఉండనిచ్చి, చీర అందిననాడే సొమ్ము చెల్లించు.