ఆపన్నసేవకు విద్య తోడు



శ్రీమద్రామాయణము యుద్ధకాండములో ఒక భయంకరమైన రాత్రి వర్ణింపబడినది. ఇంద్రజిత్తు ప్రయోగించిన బ్రహ్మాస్త్రమునకు రామలక్ష్మణులతో కూడ అరువది యేడు కోట్ల వానరసైన్యము నేలకూలినది. ఆ చీకటిలో విభీషణుడును హనుమంతుడును శోకించుచు కూర్చుండలేదు. చేత కాగడాలు పట్టుకొని, పడియున్నవారి నడుమ తిరుగుచు, ఎవనిలో ప్రాణము మిగిలియున్నదో వానిని ఓదార్చుదమని వెదకసాగిరి.

అట్లు వెదకుచుండగా వృద్ధుడైన జాంబవంతుడు కనబడెను. శరీరమంతయు బాణములతో నిండియున్నది. కన్నులు కనబడుటలేదు. విభీషణుని కంఠస్వరమును బట్టి గుర్తించి, ఆయన అడిగిన మొదటి ప్రశ్న యేమి? రాముడు క్షేమమా యని కాదు, సుగ్రీవుడు జీవించియున్నాడా యని కాదు. హనుమంతుడు బ్రతికియున్నాడా యని అడిగెను. విభీషణుడు ఆశ్చర్యపడగా, హనుమంతుడు జీవించియున్నచో చచ్చిన సైన్యమును బ్రతికినట్లే యని ఆ వృద్ధుడు సమాధానము చెప్పెను.

పిదప జాంబవంతుడు హనుమంతునకు ఓషధీపర్వతమునకు దారి చెప్పెను. మృతసంజీవని, విశల్యకరణి, సువర్ణకరణి, సంధానకరణి యను నాలుగు ఓషధుల పేర్లు చెప్పెను. తక్కిన కథ మనమందరము ఎరిగినదే. కాని ఒక్క విషయమును మనము సాధారణముగా గమనింపము. హనుమంతునకు బలము కలదు, భక్తి కలదు, దయ కలదు. అయినను ఎక్కడికి పోవలెనో, ఏమి తేవలెనో తెలిసినవాడు చెప్పువరకు ఆ బలమంతయు ఆగియున్నది. దయకు విద్య తోడైన తరువాతనే సైన్యము లేచినది. ఈ సత్యమును నేను గ్రంథములలో చదివిన చాలకాలమునకు గాని గ్రహింపలేదు. గ్రహించిన విధమును చెప్పుకొనుటకు సిగ్గుగా నున్నను, చెప్పుట నా విధియని తలచి చెప్పుచున్నాను.

1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ, కార్తీకమాసము, శనివారము. కృష్ణాజిల్లా దివిసీమను ఉప్పెన ముంచివేసినది. ప్రభుత్వపు లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది మరణించిరి. నేనప్పుడు పాఠశాలలో కావ్యములు ముగించి వ్యాకరణము చదువుచున్న కుఱ్ఱవాడను. మా గురువుగారి అనుమతితో విద్యార్థులము కొందరము బియ్యపు మూటలు, పాతబట్టలు మోసికొని, దారి దొరికినంతవరకు బండిమీదను, పిమ్మట కాలినడకను అటు పోయితిమి.

ఒక బడిలో నిరాశ్రయులు తలదాచుకొనియుండిరి. అక్కడ ఒక తల్లి ఒడిలో మూడేండ్ల బిడ్డ విరేచనములతో వాడిపోయి పడియుండెను. ఆమె నన్ను చూచి, “పంతులుగారూ, బిడ్డ నోరు ఎండిపోతోంది. గుక్కెడు నీళ్ళు పొయ్యనా?” అని అడిగినది. విరేచనములగుచుండగా నీరు పోసినచో అవి మరింత పెరుగునని మా యింటి పెద్దలు చెప్పగా వినియుంటిని. “వద్దమ్మా” అని చెప్పితిని. ఆ బిడ్డ ప్రక్కన కూర్చుండి సాయంకాలము వరకు విష్ణుసహస్రనామము పారాయణ చేసితిని. చీకటిపడు వేళకు వైద్యుడు వచ్చెను. అప్పటికి మించిపోయినది. ఆయన నన్ను తిట్టలేదు. “నీరుపోయి చనిపోయినది బాబూ, నీరే ఇయ్యవలసినది” అని మాత్రము అనెను. ఆ తల్లి యేమి చేసినదో చెప్పుదునా? తన బిడ్డకొరకు అంతసేపు భగవన్నామము పలికినందుకు నాకు నమస్కరించినది. ఆ నమస్కారము నేటికిని నన్ను దహించుచున్నది.

చాలకాలమునకు నాకు తెలిసిన దేమనగా, నేను ఎరుగని విద్య అప్పటికే లోకములో ఉన్నది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధసమయమున పశ్చిమబెంగాలులోని బన్‌గావ్ శరణార్థి శిబిరమున కలరా చెలరేగగా, రక్తనాళములకెక్కించు సెలైను సీసాలు అయిపోయినవి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ గారు ఉప్పును, గ్లూకోజును, సోడాను కలిపిన నీటిని డ్రమ్ములలో నింపించి, రోగుల తల్లుల చేతను బంధువుల చేతను త్రాగించిరి. నూటికి ఇరువది ముప్పది వరకు ఉండిన మరణములు 3.6కు తగ్గినవి. అక్కడి తల్లి చేతిలోని గ్లాసు బిడ్డను కాపాడినది. ఇక్కడి తల్లి చేతిలోని గ్లాసును నేను ఆపితిని. ఇద్దరి దయలోను భేదము లేదు. విద్యలోనే భేదము.

కావున సోదరీ సోదరులారా! ఆపదలో సేవ చేయుదమను సంకల్పము గొప్పదే. కాని ఆ సంకల్పము ఆపద వచ్చిన నాడు పుట్టినచో ఆలస్యమగును. గజేంద్రుని మొర విని శ్రీహరి పరుగెత్తివచ్చినాడు. ఆయన సర్వజ్ఞుడు గనుక ముందుగా నేర్చుకొనవలసిన పని లేదు. మనము అల్పజ్ఞులము, మనకు కలదు.

నేర్చుకొనవలసినవి పర్వతమంత యేమియు లేవు. విరేచనములతో నీరసించినవానికి ఓ.ఆర్.ఎస్. పొట్లము దొరకనిచో, లీటరు శుభ్రమైన నీటిలో తలకొట్టిన ఆరు చిన్నచెంచాల పంచదార, అర చిన్నచెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగించుచు వైద్యునియొద్దకు చేర్చవలెను. పాము కరచినచో కోయరాదు, నోటితో పీల్చరాదు, బిగించి కట్టరాదు. కరచిన అవయవమును కదలనీయక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మంత్రము జపింపవలెనను విశ్వాసము గలవారు వాహనములో కూర్చుండి జపింపవచ్చును, ఎవరును కాదనరు.

గుండె ఆగి, ఊపిరి లేక పడిపోయిన పెద్దవారికి, రొమ్ము నడుమ రెండుచేతులు ఒకదానిపై నొకటి ఉంచి, 5 మొదలు 6 సెంటీమీటర్ల లోతునకు, నిమిషమునకు 100 మొదలు 120 మారులు నొక్కవలెనని వైద్యులు చెప్పుదురు. జపమాలలోని పూసలు 108. నిమిషమున కొక మాల పూర్తియగు వేగమన్నమాట. లెక్క మనకు అలవాటైనదే, చేతులకు అభ్యాసము కావలెను. 2005వ సంవత్సరము నుండి మన తెలుగునాట అత్యవసర వాహనమును పిలుచు సంఖ్యయు 108 యే. అయినను వాహనము వచ్చులోపలి నిమిషములు ఇరుగుపొరుగువారివి. ఆ నిమిషములకు మనమే హనుమంతులము.

రోడ్డుపై దెబ్బతిన్నవానిని తాకినచో పోలీసులు, సాక్ష్యములు అను భయము కొందరికి కలదు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము, సద్బుద్ధితో సాయపడినవానికి రక్షణ కల్పించినది. తన పేరు చెప్పుమని అతనిని నిర్బంధింపరాదు. ఇంకను వెనుదీయుటకు కారణము కనబడదు.

నాదొక విన్నపము. ప్రతి దేవాలయములోను ఉత్సవములకు సేవకుల పట్టిక ఉండును. పల్లకి మోయువారెవరో, ప్రసాదము పంచువారెవరో వ్రాసికొందుము. ఆ పట్టిక ప్రక్కనే మరియొక పట్టిక వ్రాయుడు. తుపాను హెచ్చరిక వచ్చినచో ఊరిలో మొదట తరలింపవలసిన వృద్ధులెవరు, గర్భిణులెవరు, నడవలేనివారెవరు, వారిలో ఒక్కొక్కరి బాధ్యత ఎవరిది? మాసమునకొక ఏకాదశినాడు, భజన ముగిసిన పిదప, ఒక వైద్యునిగాని, నర్సునుగాని పిలిపించి, మంటపములోనే పైవిద్యలను అభ్యసింపుడు. మోకులు, టార్చిలైట్లు, ఓ.ఆర్.ఎస్. పొట్లములు, నీటిని శుద్ధిచేయు క్లోరిను బిళ్ళలు ఒక పెట్టెలో ఉంచుడు. వాడినవానిని తిరిగి యథాస్థానమున చేర్చుడు. హనుమంతుడు సైతము పని ముగిసిన పిదప ఓషధీపర్వతమును హిమాలయమునకు చేర్చియే తిరిగివచ్చెనని వాల్మీకిమహర్షి మరువక చెప్పినాడు.

మావంటి వృద్ధులకు పరుగెత్తు శక్తి లేదు. విచారింప పనిలేదు. జాంబవంతుడు పడియుండియే, కన్నులు కనబడకయే, సైన్యమును బ్రతికించినాడు. తెలిసినదానిని చెప్పుట మన సేవ. నేనును ఆ బిడ్డ ఋణమును ఈ విధముగనే తీర్చుకొనుచున్నాను. ఏ ఊరికి పురాణప్రవచనమునకు పోయినను, ఫలశ్రుతి చెప్పుటకు ముందు ఉప్పు, పంచదార, నీరు తెప్పించి, తల్లులయెదుట కలిపి చూపుదును. కొందరు నవ్వుదురు. నవ్వినను గుర్తుంచుకొందురు, అదియే నాకు చాలును.

మీ యూరిలో ఏదో ఒక రాత్రి చీకటి పడును. అప్పుడు పడియున్న వాడొకడు హనుమంతుడు బ్రతికియున్నాడా యని అడుగును. ఉన్నాను, నేర్చుకొనియే ఉన్నాను అని సమాధానము చెప్పగల భాగ్యమును ఆ అంజనాసుతుడు మన అందరికిని ప్రసాదించుగాక!