దీర్ఘాయువు – అమృతత్వము



“యంత్రములే మరణమును జయింపగలవట! అటులైన ఇక వైకుంఠముతో పని యేమి?” అని చదువుకొన్న పిల్లలు నేడు మన యిండ్లలో అడుగుచున్నారు. ఇది కసరి త్రోసివేయదగిన ప్రశ్న కాదు. మృత్యుభయము లేని ప్రాణి లేదు. దానిని దాటవలెనను కోరికయు సహజమే.

1967వ సంవత్సరము జనవరి 12వ తేదీన అమెరికాలోని కాలిఫోర్నియాలో జేమ్స్ బెడ్‌ఫోర్డ్ అను ఆచార్యుడు మరణింపగా, ఆయన కోరిక ననుసరించి దేహమును గడ్డకట్టించి భద్రపరచిరి. ముందుకాలపు వైద్యము తన్ను మరల బ్రదికించునని ఆయన ఆశ. ద్రవరూపమైన నత్రజని చలి సున్నకు దిగువ 196 డిగ్రీలు. ఆ దేహ మిప్పటికిని అట్టి చలిలోనే యున్నది. రే కర్జ్‌వైల్ అను మరియొకరు 2005లో ప్రకటించిన గ్రంథమున, 2045 ప్రాంతమున మానవబుద్ధి యంత్రబుద్ధితో నేకమై దేహపు హద్దులను దాటునని వ్రాసిరి. మనస్సులోని జ్ఞాపకములనెల్ల యంత్రమున కెక్కించినచో మనిషికి చావే లేదని తలచువారును కలరు.

ఈ కోరిక మన పురాణములకు క్రొత్తది కాదు. పగలు గాని రాత్రి గాని, ఇంట గాని బయట గాని చావు రాకూడదని హిరణ్యకశిపుడు ఎంతయో జాగ్రత్తతో వరమడిగెను. సంధ్యవేళ, గడపమీద, నరసింహస్వామి వచ్చెను. అతని దోషము దీర్ఘాయువును కోరుట కాదు. మార్కండేయుడును దీర్ఘాయువును పొందెను గదా! తనకు పైని ప్రభు వొకడు లేడనుటకై ఆయువును కోరుటయే దోషము.

కావున వైద్యమును, యంత్రమును నిందింపరాదు. కంటికి శస్త్రచికిత్స జరిగిన వృద్ధురాలు స్వామి దివ్యమంగళ విగ్రహమును మరల కన్నులార చూచినప్పుడు, ఆ వైద్యుని బుద్ధియు భగవద్దత్తమే యని తెలియవలెను.

అయినను రెండు విషయములు మరువరాదు. మొదటిది: రామానుజ సిద్ధాంతమున జ్ఞానము ఆత్మకు ధర్మము, దీపమునకు కాంతివంటిది. జ్ఞాపకములకు ప్రతి వ్రాసినంత మాత్రమున ఆత్మకు ప్రతి యేర్పడదు. ఒక మనిషి జ్ఞాపకములను రెండు యంత్రముల కెక్కించినచో, ఆ రెంటిలో అతడెవ్వడు? రెండవది: బ్రహ్మదేవుని పగలొక్కటియే 432 కోట్ల సంవత్సరములు. ఆ బ్రహ్మకును ఆయుఃపరిమితి కలదు. కాలమును పొడిగించుట వేరు. పునరావృత్తి లేని భగవత్కైంకర్యమును పొందుట వేరు. మోక్షమనగా ఆ రెండవదియే.

ఖట్వాంగ మహారాజునకు మిగిలినది ఒక్క ముహూర్తము. అది చాలెను. పరీక్షిత్తునకు ఏడు దినములు మిగిలెను, అవియు చాలెను. భగవద్రామానుజులు నూటయిరువది యేండ్లు జీవించిరని సంప్రదాయము. ఆ యేండ్లన్నియు కైంకర్యమునకే చెల్లినవి. ఆయువు కొలత కాదు, వినియోగమే ప్రధానము.

ప్రశ్నించిన పిల్లలతో ఇట్లు చెప్పుడు: “నాయనా, శాస్త్రవిద్య చక్కగా నేర్చుకొనుము, రోగుల బాధ తీర్చుము. వీలైన నాయువును పెంచుము. కాని పెంచిన ఆయువు దేనికని నిన్ను నీవే అడుగుకొనుము.” ఆ ప్రశ్నకు ప్రహ్లాదునివలె బదులు చెప్పగలవానికి మరణము వలన భయము లేదు, దీర్ఘాయువు వలన గర్వమును లేదు.

శ్రియఃపతి మన కందరకు అట్టి బుద్ధిని ప్రసాదించుగాక!