ఇంజన్ మారిన బండి అదే బండా?

భాగాలు ఒక్కొక్కటే మారిపోతుంటే ఒక వస్తువు ఎంతవరకు అదే వస్తువుగా ఉంటుందన్నది తత్త్వశాస్త్రంలో చాలా పాత ప్రశ్న. రోజూ వాడే పాత కారుకు ఇంజన్ మార్చే వేళ అదే ప్రశ్న ఖర్చుతోనూ చట్టంతోనూ ముడిపడి ముందుకొస్తుంది. టైరో అద్దమో మారితే ఎవరికీ సందేహం రాదు. బండిని నడిపించేదే మారితే వస్తుంది. మారుతి జిప్సీ ఇందుకు మంచి ఉదాహరణ. 1985లో వచ్చిన జిప్సీకి 970 సీసీ ఇంజన్ ఉండేది. 1996లో వచ్చిన జిప్సీ కింగ్‌కు 1298 సీసీ ఇంజన్ పెట్టారు. పాత జిప్సీ ఉన్నవాళ్లలో కొందరు సెకండ్ హ్యాండ్‌లో ఈ పెద్ద ఇంజన్ కొని తమ బండిలో వేయించుకున్నారు.

మార్చే ముందు, ఇప్పుడున్నది ఏ ఇంజనో తేల్చుకోవాలి. పాత బండి చాలా చేతులు మారి ఉంటుంది కాబట్టి బానెట్ కింద ఉన్నది కంపెనీ వేసినదేనన్న నమ్మకం లేదు. ఇంజన్ బ్లాకు మీద నూనె మడ్డి పేరుకున్న చోట కిరసనాయిలు గుడ్డతో రుద్ది, టార్చి వేసి చూస్తే చెక్కిన అక్షరాలు, అంకెలు బయటపడతాయి. జిప్సీలో అవి ఎఫ్10ఏ అని మొదలైతే 970 సీసీ, జీ13 అని మొదలైతే 1298 సీసీ. ఆ తర్వాతి అంకెలు ఆ ఒక్క ఇంజన్‌కే చెందినవి. న్యాయదర్శనం చెప్పే జాతి, వ్యక్తి అనే విభాగం ఇక్కడ ఇనుము మీదే కనిపిస్తుంది: మొదటి అక్షరాలు జాతిని చెబుతాయి, తర్వాతి అంకెలు వ్యక్తిని చూపుతాయి. ఆర్సీలోని ఇంజన్ నంబరుతో రెండూ సరిపోతేనే పోల్చుకోవడం పూర్తయినట్టు.

ఇంజన్ మార్చకుండానే బాగుచేసే దారులు రెండున్నాయి. ఒకటి, దాన్ని బండిలోనే ఉంచి కార్బొరేటర్ శుభ్రం చేయడం, వాల్వుల సందు సరిచేయడం, టైమింగ్ పెట్టడం. రెండోది, ఇంజన్ దించి, మొత్తం విప్పి, బోరు చేయించి, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేసి మళ్లీ బిగించడం. ఈ తేడాను మన తార్కికులు కుండ విషయంలో చర్చించారు. పచ్చికుండ ఆవంలో కాలి ఎర్రబడినప్పుడు కుండ పరమాణువులుగా విడిపోయి, అవి రంగు మారాక తిరిగి కుండ ఏర్పడుతుందని వైశేషికులు అన్నారు. కుండ కుండగానే ఉండి రంగు మాత్రం మారుతుందని నైయాయికులు వాదించారు. పీలుపాకం, పిఠరపాకం అనే ఈ రెండు మతాలనూ తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహ దీపికలో పేర్కొన్నాడు. ట్యూనింగ్ రెండో పక్షానికి, ఓవర్‌హాల్ మొదటి పక్షానికి దగ్గర. అయినా అవయవాల (భాగాల) కంటే అవయవి (వాటితో ఏర్పడిన మొత్తం వస్తువు) వేరన్న విషయంలో రెండు పక్షాలదీ ఒకే మాట. భాగం పోతే పాత అవయవి నశించి కొత్తది పుడుతుందనీ, దానిలాంటిదే కావడం వల్ల జనం దాన్ని అదేనని గుర్తుపడతారనీ వారి లెక్క. ఆ లెక్కన నట్టు మార్చినా కొత్త బండే. తర్కానికి ఇది నిలుస్తుంది కానీ, నట్టు మార్పుకూ ఇంజన్ మార్పుకూ తేడా చెప్పదు.

గ్రీకుల దగ్గర ఈ ప్రశ్న ఓడ రూపంలో వచ్చింది. ఏథెన్సు వాళ్లు థీసియస్ ఓడలో పుచ్చిన పలకలు తీసి కొత్తవి వేస్తూ దాన్ని నిలబెట్టారనీ, అది అదే ఓడా కాదా అని తాత్త్వికులు వాదించుకున్నారనీ ప్లూటార్క్ రాశాడు. 1655లో థామస్ హాబ్స్, తీసేసిన పలకలన్నీ దాచి వాటితో మరో ఓడ కడితే అసలుది ఏదని అడిగాడు. ఇంజన్ మార్పిడిలో ఈ చిక్కు తేలిగ్గానే విడిపోతుంది. దించిన 970 సీసీ ఇంజన్‌ను వేరే జిప్సీలో వేస్తే, మొదటి బండి అక్కడికి వెళ్లిందని ఎవరూ అనరు. అంటే వాడుకలో బండి గుర్తింపు ఇంజన్ వెంట పోదు, ఛాసిస్ దగ్గరే ఉండిపోతుంది.

బౌద్ధ గ్రంథమైన మిళిందపఞ్హలో నాగసేనుడు మిళింద రాజుకు రథం గురించి చెప్పిన వాదం ఇంకా లోతుకు వెళుతుంది. ఇరుసు రథం కాదు, చక్రాలు కావు, కాడి కాదు, పగ్గాలు కావు. వీటన్నిటినీ ఆధారం చేసుకుని వాడే పేరే రథం. అయితే ఆ భాగాల జాబితాలో గుర్రాలు లేవు. రథాన్ని లాగేవి రథానికి బయటివి. గుర్రాలు మారితే రథం మారిందా అని రాజూ అడగలేదు. కఠోపనిషత్తు రథంలో మాత్రం గుర్రాలకు చోటుంది. అక్కడ ఇంద్రియాలే గుర్రాలు, మనసు పగ్గం, బుద్ధి సారథి, ఆత్మ రథంలో కూర్చున్న యజమాని. గుర్రాలు ముఖ్యమే కానీ ప్రయాణం ఎవరిదో తేల్చేవి అవి కావు. కారులో లాగే శక్తి బానెట్ కిందికి వచ్చి, బండిలో భాగమైంది. సందేహమంతా అక్కడే పుట్టింది.

పూరీ జగన్నాథుని నవకళేబరం ఇంజన్ మార్పుకు ఎదురు దిశలో నడుస్తుంది. అధిక ఆషాఢం వచ్చిన కొన్ని సంవత్సరాల్లో, ఇటీవల 1996లోనూ 2015లోనూ, వేపకొయ్యతో కొత్త మూర్తులు చేసి, పాత మూర్తిలోని బ్రహ్మపదార్థాన్ని కొత్తదానిలోకి చేరుస్తారు. బయటి రూపమంతా మారినా లోపలిది నిలిచినందువల్ల భక్తులకు ఆయన అదే జగన్నాథుడు. ఇంజన్ మార్చిన కారులో లోపలిది మారి బయటిది నిలుస్తుంది, అయినా అది అదే బండి. రెండూ కలిపి చూస్తే గుర్తింపు లోపల ఉందా, బయట ఉందా అన్న ప్రశ్నకు అన్నిటికీ చెల్లే జవాబు లేదు. ఏది తెగకుండా కొనసాగాలని ఆ వస్తువుతో బతికేవాళ్లు పట్టుబడతారో, దాని మీదే గుర్తింపు నిలబడుతుంది. గుడిలో అది సన్నిధి. రోజువారీ బండిలో అది ఛాసిస్, వాడుక, కాగితం.

మరమ్మతుకూ అప్‌గ్రేడ్‌కూ ఉన్న తేడా ఇక్కడ తెలుస్తుంది. అరిస్టాటిల్ భాషలో మరమ్మతు ద్రవ్యాన్ని మార్చి రూపాన్ని నిలుపుతుంది, అప్‌గ్రేడ్ రూపాన్నే కదిలిస్తుంది. పెద్ద ఇంజన్ వేస్తే పని దానితో ఆగదు. మౌంటింగులు, గేర్‌బాక్సు, రేడియేటరు, సైలెన్సరు కొత్త బలానికి తగ్గట్టు ఉన్నాయో లేదో చూడాలి. కార్బొరేటర్‌కు బదులు ఇంధనాన్ని చిమ్మే ఎంపీఎఫ్‌ఐ ఇంజన్ అయితే వైరింగు, ఈసీయూ, ఎలక్ట్రిక్ ఫ్యూయల్ పంపు కూడా కావాలి. వేగం పెరిగితే బ్రేకులూ పెరగాలి. ఇవన్నీ కలిపితే చవక అనుకున్నది చవకగా ఉండదు. అందుకే తక్కువ ఖర్చులో తేలే మెరుగుదల చాలాసార్లు ఉన్న ఇంజన్‌కు పోయిన కంప్రెషన్‌ను తిరిగి రప్పించడమే. అది సరిపోకపోతే అదే రకం మంచి ఇంజన్ వెతకడం.

చట్టం కూడా దాదాపు మరమ్మతుకూ అప్‌గ్రేడ్‌కూ మధ్య ఉన్న ఈ గీత దగ్గరే నిలబడింది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు ఆర్సీలోని వివరాలు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. కాబట్టి వేరే రకం ఇంజన్ వేయించాలనుకునేవాళ్లు షెడ్డుకు వెళ్లేముందు ఆర్టీవో ఆఫీసుకు వెళ్లాలి. అదే రకం వేసినా కొత్త నంబరు ఆర్సీలో ఎక్కించాలి, బీమా కంపెనీకి తెలపాలి, బండి అమ్మేటప్పుడు కొనేవాడికి చెప్పాలి. ఇంజన్ మార్చినంత మాత్రాన బండి వేరేది కాదు. ఆ సంగతి దాచితే మాత్రం కాగితం మీది బండి ఒకటి, రోడ్డు మీది బండి మరొకటి అవుతాయి.