రహస్యమందు ప్రార్థించువారు



షోలాపూర్ తూర్పు భాగపు నేతవాడలలో, దుప్పట్లు, తువాళ్లు నేయు మన తెలుగువారి ఇండ్లను మేము దర్శించుచుండగా, బీడీలు చుట్టు ఒక అక్క దాచియుంచిన తన బైబిలును చూపెను. సంఘపు పుస్తకములో ఆమె పేరు లేదు; బాప్తిస్మము పొందలేదు.

"మా అత్తగారోళ్లు ఒప్పుకోరు అయ్యగారూ. మగ్గాలు బందైనంక రాత్రిపూట ఆయనతోనే మాట్లాడుకుంటా" అనెను.

ఆమె ప్రభువు బిడ్డ కాదని మనలో ఎవరనగలము?

ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మునిపల్లె సుబ్బారావు గారు 1942లో తనకు క్రీస్తు దర్శనము కలిగెనని సాక్ష్యమిచ్చిరి. అనేకులు ఆయన యొద్దకు ప్రార్థనకై వచ్చిరి. అయితే బాప్తిస్మము వట్టి ఆచారమని చెప్పి, ఆయన సంఘమునకు వెలుపలనే యుండిరి.

బాప్తిస్టులమైన మనము ఆ బోధను అంగీకరింపలేము. బాప్తిస్మము ప్రభువు ఆజ్ఞ. అయినను ఆ గద్దింపు మనకు తగిలినదే. సంఘపు పుస్తకములో పేరుండి, ఇంట మోకాళ్లు వంచనివారు మనలో లేరా? మత్తయి 6:6 చదువుడి.

మగ్గము ఎరిగినవారికి తెలియును: పడుగు లేనిదే పేక నిలువదు, పేక లేని పడుగు వట్టి దారములే. రహస్య ప్రార్థన పడుగు, సహవాసము పేక. ఆ అక్క యొద్ద పడుగున్నది. ఒత్తిడి చేయక, ఆమె ఇంటివారితో స్నేహము కలిగి, మనమే పేకగా వెళ్లుదము. మన పడుగును కూడ ప్రభువు ఎదుట పరీక్షించుకొందము. ఆమెన్.