వ్యంగ్యానికి హద్దు: ‘మండలాధీశుడు’, జగ్గయ్యపేట చక్రవర్తి శిల్పం – ఒక నైతిక పరిశీలన

2022 ఏప్రిల్ 4న అమలులోకి వచ్చిన జిల్లాల పునర్విభజనలో కృష్ణాజిల్లా మెరక ప్రాంతమైన నందిగామ, జగ్గయ్యపేటలు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరాయి. ఆ జిల్లాకు పేరైన నాయకుడు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలోనే, 1987లో, ఆయన వేషభాషలను అనుకరిస్తూ ‘మండలాధీశుడు’ అనే వ్యంగ్య చిత్రం వెలువడింది. దర్శకుడు ఎం. ప్రభాకర్ రెడ్డి. పాలకుని పాత్రధారి కృష్ణాజిల్లా కంకిపాడుకు చెందిన కోట శ్రీనివాసరావు. జీవించి ఉన్న పాలకుణ్ణి తెరపై పరిహసించడం ధర్మమేనా? ధర్మమైతే దానికి హద్దు ఏది? ఈ ప్రశ్నను పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

వికృతమైన వేషం, అలంకారం, చేష్టలు హాస్యానికి విభావాలని నాట్యశాస్త్రం చెప్పింది. తెలుగు ప్రహసనం ఈ సాధనాలను ప్రధానంగా ఒక వర్గంపై ప్రయోగించింది. కందుకూరి ‘వ్యవహార ధర్మబోధిని’లో ఆక్షేపణకు గురైనది న్యాయవాద వృత్తిలోని అక్రమమే గాని ఫలానా వ్యక్తి కాదు. అటువంటి రచనను చదివిన వకీలుకు ‘అది నేను కాదు’ అని తప్పుకొనే వీలుంది. వ్యక్తిని గుర్తుపట్టగలిగే చిత్రంలో ఆ వీలు లేదు. గాయం పెద్దది కనుక రచయిత బాధ్యత కూడా పెద్దది.

అయినా ఆ చిత్రాన్ని అధర్మమని తోసిపుచ్చలేం. 1982 మార్చి 29న పార్టీని ప్రకటించిన ఎన్.టి.ఆర్. 1983 జనవరి 9న ముఖ్యమంత్రి అయ్యారు. ఆ విజయంలో పౌరాణిక పాత్రల స్మృతికి, చైతన్యరథానికి, వాక్కుకు భాగముంది. తర్వాత ధరించిన కాషాయం కూడా రాజకీయ భాషే. రూపాన్నే వాదంగా నిలిపినవారికి రూపంతోనే సమాధానం రావడం న్యాయం. దీనినుండి మొదటి ప్రమాణం ఏర్పడుతుంది: పాలకుడు దేనిని అధికార సాధనం చేసుకొన్నాడో అది వ్యంగ్యానికి లక్ష్యం కావచ్చు, అధికారంతో సంబంధం లేని దేహం, వ్యాధి, కుటుంబ దుఃఖం కారాదు.

ఆ పాత్ర వేసినందుకు విజయవాడలో అభిమానులు తనపై దాడి చేశారని, ఎన్.టి.ఆర్. మాత్రం ఎదురుపడినప్పుడు తన నటనను మెచ్చుకొన్నారని కోట అనంతరకాలంలో చెప్పుకొన్నారు. లక్ష్యమైన వ్యక్తి సహించినదాన్ని అనుచరులు సహించలేకపోయారు. అంటే అధికారం నాయకునిలో మాత్రమే లేదు. ఆయనను ఆరాధించేవారిలోనూ ఉంది. నాయకుణ్ణి ఒక్కణ్ణే నవ్వులపాలు చేసే వ్యంగ్యం సగం నిజమే చెబుతుంది.

మిగిలిన సగాన్ని ఆలోచించడానికి జగ్గయ్యపేట స్తూపశిల్పం ఒకటి తోడ్పడుతుంది. పండితులు మాంధాతగా గుర్తించిన చక్రవర్తి అందులో చేయెత్తి నిలుచున్నాడు; మేఘాలనుండి నాణేలు కురుస్తున్నాయి. చక్రం, ఏనుగు, గుర్రం, మణి, రాణి, గృహపతి, మంత్రి అనే సప్తరత్నాలు ఆ చక్రవర్తి వైభవ చిహ్నాలు. బౌద్ధగాథలో మాంధాత స్వర్గానికి వెళ్లి ఇంద్రునితో రాజ్యం పంచుకొంటాడు; అదీ చాలక మొత్తం కోరి నేలకూలుతాడు. శిల్పి ఇక్కడ మలచినది పతనాన్ని కాదు, వర్షాన్ని. చక్రవర్తి ఒంటరివాడు కాడు. ఆ వైభవానికి పరివారం ఉంది, ఆ వర్షానికి అందుకొనే చేతులూ ఉంటాయి.

అలాగని అందుకొన్న ప్రతివారినీ దోషులనడం న్యాయం కాదు. కిలో రెండు రూపాయల బియ్యం ఆకలిగొన్న ఇంటికి అవసరం. దానిని స్వీకరించడం మౌఢ్యం కాదు. అవసరంకొద్దీ ఓటు వేయడం వేరు, ప్రశ్నించడం మానుకొని ఆరాధించడం వేరు. ఈ భేదాన్ని పాటించడం రెండవ ప్రమాణం. దీనిని మరచిన వ్యంగ్యం పేదవాణ్ణి అవమానిస్తుంది; పాటించిన వ్యంగ్యం ప్రేక్షకుణ్ణి తనవైపు తాను చూసుకొనేలా చేస్తుంది.

నందిగామ, జగ్గయ్యపేటల వాసులు నేడు తమ చిరునామాలో ఆ నాయకుని పేరు రాస్తున్నారు. ఆ గౌరవం నాటి పరిహాసాన్ని అబద్ధం చేయదు. ఆ పరిహాసం ఈ గౌరవాన్ని రద్దు చేయదు. రెండింటినీ ఒకేచోట నిలుపుకోగలగడమే ప్రజాస్వామ్య సమాజపు నైతిక పరిణతి.