అచూ

మా మేనల్లుడు జర్మనీ నుంచి వచ్చినప్పుడల్లా జేబులో మిగిలిన చిల్లరంతా నా బల్లమీద పోస్తాడు. ఈసారి ఆ గుట్టలో ఒక రెండు యూరోల బిళ్ల కంటపడింది. మధ్యలో పసుపు, చుట్టూ వెండిరంగు, అంచున పన్నెండు నక్షత్రాలు. అంతవరకూ మిగతావాటిలాగే ఉంది. నడుమ మాత్రం ఒక మాట పరుచుకుని ఉంది. నాలుగే అక్షరాలు. "అచూ" అని పలకాలి. లిథువేనియన్ భాషలో కృతజ్ఞత చెప్పుకునే మాట. తన భాష గౌరవార్థం ఆ దేశం 2015లో విడుదల చేసిన నాణెం అది.

"ఎక్కడిదిరా ఇది?" అన్నాను.

"ఏదో షాపులో చిల్లరగా ఇచ్చుంటారు మామయ్యా. చూసుకోలేదు."

వాడు వెళ్లిపోయాక కూడా ఆ బిళ్ల నా దగ్గరే ఉండిపోయింది. ఇక్కడ దానితో ఏమీ కొనలేను కాబట్టి దాన్ని చూస్తూ కూర్చోగలిగాను. డబ్బు చేసే పని బాకీ తెంచడం. కూరలమ్మి చేతిలో పైసలు పెట్టేశాక ఆమె దారి ఆమెది, నా దారి నాది. కృతజ్ఞత దారి వేరు. నీకు బాకీపడ్డానని, అది తీరేది కాదని ఒప్పుకోవడం అది. మరి బాకీ తెంచే వస్తువు మీద తీరని బాకీ పేరు ఎందుకు పెట్టినట్టు?

ఆ భాష బతికి బయటపడిన కథ తెలిస్తే ఆ బాకీ ఎవరిదో కొంత అర్థమవుతుంది. తన ఏలుబడి మీద 1863లో చెలరేగిన తిరుగుబాటును అణిచేశాక రష్యా జారు ప్రభుత్వం లిథువేనియన్‌ను లాటిన్ లిపిలో అచ్చువేయడాన్ని నిషేధించింది. వేస్తే రష్యన్ అక్షరాల్లోనే వేయాలి. ఆ నిషేధం 1864లో మొదలై 1904 మే 7 దాకా, నలభై ఏళ్లు సాగింది. సర్కారు అచ్చువేసి ఇచ్చిన పుస్తకాలను జనం దగ్గరికి రానివ్వలేదు. సరిహద్దుకు అవతల, ప్రష్యాలోని టిల్సిట్ లాంటి ఊళ్లలో తమ పుస్తకాలు అచ్చువేయించుకుని, రాత్రిపూట వీపున మూటలు కట్టుకుని తెచ్చుకున్నారు. ఆ మోసేవాళ్లకు ఒక పేరుంది, 'క్నిగ్‌నెషిస్' అని. పుస్తకం మోసేవాడని అర్థం. పట్టుబడితే జైలు, లేదా సైబీరియా. కావలివాళ్ల తూటాలకు పోయినవాళ్లూ ఉన్నారు. ఆ మూటల్లో ఉన్నవి చాలావరకు ప్రార్థన పుస్తకాలు, పంచాంగాలు, పిల్లలు అక్షరాలు నేర్చుకునే వాచకాలు. పిల్లవాడి వాచకం కోసం ప్రాణం పణంగా పెట్టడమంటే ఏమిటో ఊహించబోతాను, ప్రతిసారీ సగంలోనే ఆగిపోతాను. యుర్గిస్ బియెలినిస్ అనే ఆయన ఏళ్ల తరబడి ఇదే పనిలో బతికాడు. ఆయన పుట్టిన మార్చి 16ను ఇవాళ పుస్తకాలు మోసినవాళ్ల దినంగా జరుపుకుంటారు.

నాణెం మీది అక్షరాల్లోనూ ఆ కాలం ఉంది. చకారానికి పోలిష్ పద్ధతిలో రెండక్షరాలు కలిపి రాయడం మానేసి, చెక్ భాష నుంచి నెత్తిన చిన్న కొక్కెం ఉన్న అక్షరాన్ని తెచ్చుకున్నారు. చివర ఊకార దీర్ఘాన్ని చూపే గీత యోనస్ యబ్లోన్‌స్కిస్ చేర్చినది. ఆయన వ్యాకరణం 1901లో టిల్సిట్‌లోనే, మారుపేరుతో వెలువడింది. వ్యాకరణానికి కూడా మారుపేరు కావలసివచ్చిన రోజులవి.

యూరో రాకముందు వాళ్ల డబ్బు లితాస్. ఇరవై నోటు మీద కవి మైరోనిస్, యాభై మీద 1883లో 'ఔష్రా' పత్రికను మొదలుపెట్టిన బసనావిచ్యుస్, వంద మీద తన జాతి చరిత్రను తన భాషలోనే రాసిన దౌకాంతస్, ఐదువందల మీద జాతీయగీతం రాసిన కుదిర్కా. 2015 జనవరి 1న యూరో వచ్చాక ఆ ముఖాలన్నీ జేబుల్లోంచి వెళ్లిపోయాయి. అదే ఏడాది ఈ మాట వచ్చింది. నా ఊహే కావచ్చు గానీ, అది ఆ వెళ్లిపోయినవాళ్లకు చెప్పిన మాటలాగే నాకు వినిపిస్తుంది.

రెండువందల నోటు మీద ఉన్న వీదూనస్ భగవద్గీతను లిథువేనియన్‌లోకి తెచ్చిన తత్వవేత్త. ఆయనకు సంస్కృతం వింటే పరాయిగా తోచి ఉండదు. వాళ్ల ఉగ్నిస్ మన అగ్ని, దూమాయ్ ధూమం, సాప్నస్ స్వప్నం, దంతిస్ దంతం. వాళ్లకివి పుట్టింటి మాటలు, మనకు అరువు తెచ్చుకున్నవి. మన సొంతానికి నిప్పు, పొగ, కల, పన్ను ఉండనే ఉన్నాయి. అరువు సొమ్మును కూడా సొంతమన్నంత చనువుగా వాడుకుంటున్నాం. వాళ్ల చకారం మీది కొక్కెం లాగే.

మా ఇళ్లలో కృతజ్ఞతకు రోజువారీ మాట లేదు. మంచినీళ్లిస్తే మా అమ్మమ్మ "చల్లగా ఉండు తల్లీ" అనేది. థాంక్స్ అంటే "పరాయివాళ్లలా ఆ మాటేమిటి?" అని చిన్నబుచ్చుకునేవాళ్లు. అలా అనకపోవడంలో ఉన్న దగ్గరతనం నాకిష్టమే. కానీ భాష ఇచ్చినవాళ్ల విషయానికొస్తే ఆ దగ్గరతనం చాటున ఏదో మరిచిపోయాననిపిస్తుంది. పళ్లెంలో బియ్యం పోసి, నా చూపుడువేలు పట్టుకుని ఓనమాలు దిద్దించిన చెయ్యి ఎవరిది? మా అమ్మ తాతయ్యదంటుంది, పెద్దమ్మ పంతులుగారిదంటుంది. నాకు గుర్తున్నది వేలి కింద బియ్యపు గరుకు, వెనకనుంచి చెవికి తగిలిన ఎవరిదో ఊపిరి.