తోటి ఉపాధ్యాయుడి పాఠం: విమర్శకు ప్రమాణం ఏది?

ఒక ఉపాధ్యాయుడి పాఠం ఎలా ఉందో చెప్పడానికి మరో ఉపాధ్యాయుడికి ఉన్న ఆధారం ఏమిటన్నది ముందుగా ప్రమాణానికి సంబంధించిన ప్రశ్న, మర్యాద సంగతి ఆ తర్వాతే. నేర్చుకోవడం పిల్లల లోపల జరుగుతుంది. వెనక బెంచీలో కూర్చుని చూసేవారికి అందేవి దాని గుర్తులు మాత్రమే. తర్కాన్ని చర్చించే న్యాయదర్శనం మాటల్లో చెప్పాలంటే ఇక్కడి తీర్పు ప్రత్యక్షం కాదు, అనుమానం, అంటే గుర్తును బట్టి తేల్చుకునేది. అనుమానమైనప్పుడు ఆ గుర్తు, అంటే హేతువు, గట్టిదై ఉండాలి.

పాత పద్ధతి పాఠంలో ఈ చిక్కు అంతగా బయటపడదు. తరగతి నిశ్శబ్దంగా ఉండడం, బోర్డు మీద రాత పొందిగ్గా ఉండడం, సిలబస్ వేళకు పూర్తికావడం మంచి పాఠానికి గుర్తులని అందరూ ఒప్పేసుకున్నారు. కానీ నిశ్శబ్దం శ్రద్ధ వల్ల రావచ్చు, భయం వల్ల రావచ్చు, మధ్యాహ్నం పీరియడ్‌లో నిద్ర వల్లా రావచ్చు. సాధ్యం, అంటే నిరూపించదలచినది, ఉన్నచోటా లేనిచోటా కూడా కనిపించే ఇలాంటి హేతువును నైయాయికులు సవ్యభిచారం అన్నారు. న్యాయసూత్రాల కర్త గౌతముడు చెప్పిన ఐదు హేత్వాభాసాల్లో, అంటే హేతువులా కనిపించే దోషాల్లో, మొదటిది ఇదే.

కొత్తరకం పాఠాల్లో ఆ పాత గుర్తులు బొత్తిగా పనిచేయవు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో, వుడ్‌లాండ్ పార్క్ హైస్కూల్ కెమిస్ట్రీ ఉపాధ్యాయులు జోనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ 2007లో తమ పాఠాలను వీడియో తీయడం మొదలుపెట్టారు. బడికి రాలేకపోయిన పిల్లల కోసం మొదలైన ఆ పని తర్వాత ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్‌గా పేరుపొందింది: వివరణ ఇంట్లో వినాలి, లెక్కలూ ప్రయోగాలూ సందేహాలూ తరగతిలో తేల్చుకోవాలి. ఇలాంటి తరగతిలోకి అడుగుపెట్టినవారికి గోల వినిపిస్తుంది, ఉపాధ్యాయుడు ఏమీ చెప్పకుండా తిరుగుతున్నట్టు కనిపిస్తాడు. అందులో ఒక సౌకర్యమూ ఉంది. వీడియోను ఎన్నిసార్లయినా చూడవచ్చు కాబట్టి ఉపాధ్యాయుడు ఏం చెప్పాడన్న దానిపై వాదులాట ఉండదు. అయితే ఆ వీడియోను పిల్లలు ఎలా చూశారన్నది ఎవరికీ కనబడదు. ఒక పిల్ల ఇంట్లో ఉన్న ఒక్క ఫోను తండ్రితో పాటు పనికి వెళ్ళిపోతే, మర్నాడు ఆ పిల్ల నోరు మెదపకపోవడాన్ని పాఠంలోని లోపంగా లెక్కగట్టడం తప్పుడు అనుమానమే అవుతుంది.

హేతువు విషయం అలా ఉంచితే, చర్చ స్వభావం మరో ప్రశ్న. న్యాయసూత్రాలు చర్చను మూడుగా విడదీశాయి. తత్త్వం తేల్చుకోవడానికి చేసేది వాదం, గెలుపు కోసం చేసేది జల్పం, తన పక్షమంటూ ఏదీ నిలపకుండా ఎదుటివారిదాన్ని పడగొట్టడమే పనిగా పెట్టుకున్నది వితండ. వాదం ఎవరితో చేయాలో కూడా గౌతముడు చెప్పాడు: శిష్యులతో, గురువుతో, సహాధ్యాయులతో, శ్రేయస్సు కోరే పెద్దలతో, అదీ అసూయ లేనివారైతేనే. తోటి ఉపాధ్యాయుల చర్చకు ఇంతకంటే దగ్గరి వర్ణన దొరకడం కష్టం.

అంతకన్నా పనికొచ్చే సంగతి ఓటమి కారణాల విషయంలో ఉంది. ప్రతివాది చిక్కిపోయే నిగ్రహస్థానాలు 22. వాదంలో వాటన్నిటినీ ఎత్తిచూపకూడదని భాష్యకారుడు వాత్స్యాయనుడి వివరణ. హేతువు చెడిపోవడం, వాదనలో ఉండవలసిన అవయవం (భాగం) లోపించడం, అక్కర్లేనిది చేరడం, తన సిద్ధాంతానికి తానే విరుద్ధంగా పోవడం, వీటిని ఎత్తిచూపవచ్చు. పాఠానికి అన్వయిస్తే ఇవి సరిగ్గా అతుకుతాయి: ఒక మెట్టు తప్పిపోయింది, ఒక కృత్యం ఎక్కువైంది, పిల్లలే కనుక్కోవాలని పెట్టుకున్న పాఠంలో జవాబు ముందే చెప్పేశారు. సృజనాత్మక పాఠాల్లో ఎక్కువగా దొర్లేది ఈ చివరిదే. బొమ్మలు, పాటలు, నాటకం అన్నీ ఉంటాయి కానీ ఏ భావన కోసం వాటిని పెట్టారో అది పిల్లల దాకా రాదు. ఇక 22లో అప్రతిభ అని ఒకటుంది, అడిగినదానికి జవాబు తట్టకపోవడం. జల్పంలో దానితో గెలవవచ్చు. చర్చలో తడబడ్డ ఉపాధ్యాయుడి పాఠం కూడా తేలిపోయిందని అనుకోవడం వాదం పేరుతో చేసే జల్పమే.

వైద్యుల మధ్య ఇదే ప్రశ్నను చరక సంహిత విమానస్థానం ఎనిమిదో అధ్యాయంలో మరింత లౌక్యంగా చర్చించింది. ఒకే విద్య తెలిసినవారి సంభాషణ అక్కడ రెండు రకాలు: కలిసి చేసుకునే సంధాయ సంభాష, పోటీగా సాగే విగృహ్య సంభాష. మొదటిదానికి తగినవాడు కోపమూ అసూయా లేనివాడు, చెప్పినది సహించేవాడు, తీయగా మాట్లాడేవాడు. అలాంటివారితో జంకు లేకుండా అడగాలి, ఓడిపోతామని భయపడకూడదు, గెలిచినా పదిమందిలో గొప్పలు చెప్పుకోకూడదు. చరకుడు మనిషి స్వభావాన్ని బాగా ఎరిగినవాడు. గురువు ప్రసన్నుడై మెల్లమెల్లగా చెప్పిన రహస్యాన్ని, శిష్యుడు వాదం వేడిలో గెలవాలన్న ఉత్సాహంతో ఒక్కసారిగా బయటపెట్టేస్తాడని, సంభాషణ వల్ల కలిగే లాభాల్లో దాన్నీ లెక్కవేశాడు.

పోటీ ప్రమాదమైతే మౌనం క్షేమమా? కాదంటుంది బౌద్ధ భిక్షువుల నియమావళి అయిన వినయపిటకం. కోసలదేశంలో కొందరు భిక్షువులు కలహాలు రాకుండా ఉండాలని వానాకాలం ఒకేచోట గడిపే వర్షావాసమంతా ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా గడిపి, ఆ మాటే గొప్పగా బుద్ధుడితో చెప్పారని అందులోని మహావగ్గ కథనం. బుద్ధుడు మెచ్చుకోకపోగా అది పశువుల సహవాసం లాంటిదని మందలించి, వర్షావాసం చివర ప్రవారణను నియమించాడు. దాని ప్రకారం ప్రతి భిక్షువూ తనలో చూసిన, విన్న, శంకించిన దోషం ఏదైనా ఉంటే చెప్పమని సంఘాన్ని తానే అడగాలి. వరుస మొదలయ్యేది అందరికంటే పెద్దవాడితో. బుద్ధుడి సూత్రాల సంకలనమైన సంయుత్త నికాయంలోనైతే బుద్ధుడే అలా అడుగుతాడు. దోషం చెప్పేవారికీ షరతులున్నాయి: తగిన వేళలో, నిజమే, మృదువుగా, మేలు కలిగేలా, మైత్రితో చెప్పాలి. అధికారమంతా అడిగినవాడి నోటి నుంచే రావడం ఈ ఏర్పాటులోని కీలకం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో మాదిరి పాఠం చెప్పాక వినిపించే ‘చాలా బాగుంది సార్’ అన్న మాట, మర్యాద ఎంత ఉన్నా, కోసల భిక్షువుల మౌనానికి దగ్గరి చుట్టమే.

ప్రమాణం, ఉద్దేశం, అనుమతి మూడూ ఒకచోట చేరిన ఆధునిక పద్ధతి జపాన్ పాఠ అధ్యయనం. మేజీ యుగంలో మొదలై, 1999లో స్టిగ్లర్, హీబర్ట్‌ల ‘ది టీచింగ్ గ్యాప్’ పుస్తకంతో బయటి ప్రపంచంలో బాగా తెలిసింది. ఉపాధ్యాయులు కలిసి పాఠం తయారుచేస్తారు. ఒకరు చెబుతుంటే మిగతావారు ఆయనను కాక పిల్లలను గమనిస్తారు: ఎవరు ఎక్కడ ఆగారు, నోటుపుస్తకంలో ఏం కొట్టేసి ఏం రాశారు. దృష్టాంతం అంటే పండితుడికీ పామరుడికీ ఒకేలా తెలిసేది అన్న న్యాయ నిర్వచనానికి ఆ కొట్టివేత చక్కగా సరిపోతుంది. చర్చలో ముందు మాట్లాడేది సాధారణంగా పాఠం చెప్పినవారే.

ఇవేవీ నిలవని సందర్భం ఒకటుంది. అదే పరిశీలన బదిలీకో పదోన్నతికో ఫైలు ఎక్కితే సంధాయ సంభాష విగృహ్యమైపోతుంది, ఉపాధ్యాయుడు లోపాన్ని దాచడమే తెలివి అవుతుంది. తనిఖీ అవసరం లేదని కాదు, ఆ రెండింటినీ ఒకే సమావేశంలో జరపడం కుదరదు. ప్రతికూలంగా బిగుసుకున్న సభలో ఎవరితోనూ చర్చే పెట్టుకోవద్దని చరకుడి సలహా.

అనుకూలమైన సభలో కూడా విమర్శకు అందేది పాఠం వరకే. సరిదిద్దిన పాఠాన్ని మరో ఉపాధ్యాయుడు మరో తరగతికి చెప్పవచ్చు, జపాన్‌లో అలా చెబుతారు కూడా. ప్రశ్నల వరుస, ఉదాహరణ, వీడియో నిడివి చేతులు మారతాయి. మొదటి ఉపాధ్యాయుడు ఒక పిల్ల ముఖం చూసి మధ్యలో ప్రశ్న మార్చుకున్న ఆ నేర్పు మాత్రం పాఠ ప్రణాళికలో రాయడానికి వీలుపడదు.